తేనెటీగలు పెంచాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది చిన్న పెరడు ఉన్న ఇల్లు. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ మా అమ్మాయి, మా అత్తగారు ఉంటాం. తేనెటీగల గురించి చదివిన కొద్దీ ఆసక్తి పెరిగి, పెరట్లో ఒక పెట్టె పెట్టుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను. తెలిసినవారు ఒకరు తాము వాడటం మానేసిన పాత పెట్టెలు ఉచితంగా ఇస్తామన్నారు. ఒక్క పెట్టెతో మొదలుపెడితే చాలా? మొదటి ఏడాది ఎంత తేనె వస్తుంది? తేనెటీగలు తగ్గిపోతున్నాయంటున్నారు కదా, మా వంతుగా ఒక పెట్టె పెంచితే వాటిని కాపాడినట్టు అవుతుందా? పక్కింటివారికి ముందే చెప్పాలా? చెబితే వద్దంటారేమోనని సంకోచంగా ఉంది. ఇంకో మాట, మా అత్తగారిని ఒకసారి కందిరీగ కుట్టినప్పుడు ఒళ్ళంతా దద్దుర్లు లేచి, ఊపిరి తీసుకోవడం కష్టమైంది.

జవాబు: మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయమే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. మీ అత్తగారి సంగతి వైద్యులు తేల్చి చెప్పేదాకా పెట్టె కొనకండి. ఈగలను ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా తెచ్చుకోకండి.

తేనెటీగ కుట్టిన చోట మంట, వాపు, దురద ఎవరికైనా వస్తాయి. వేలి మీద కుడితే చెయ్యంతా వాచిపోవచ్చు కూడా. చూడటానికి భయం కలిగించినా అది కుట్టిన భాగానికే పరిమితమైన స్పందన, కొన్ని రోజుల్లో తగ్గిపోతుంది. మీ అత్తగారికి జరిగింది అలాంటిది కాదు. కుట్టిన చోటితో సంబంధం లేకుండా ఒళ్ళంతా దద్దుర్లు లేవడం, ఊపిరి అందకపోవడం, పెదవులు, నాలుక ఉబ్బడం, కళ్ళు తిరిగి కూలబడటం, ఇవన్నీ శరీరం మొత్తం విషానికి స్పందిస్తున్నప్పుడు కనిపించే లక్షణాలు. తీవ్రమైతే దీన్ని అనాఫిలాక్సిస్ అంటారు. నిమిషాల్లో ప్రాణం మీదికి తెస్తుంది. కందిరీగ విషం, తేనెటీగ విషం ఒకటి కాదు. ఒకటి పడనివారికి రెండోదానితో ఏ ఇబ్బందీ లేకపోవచ్చు. కానీ అది మీరూ నేనూ ఊహించి నిర్ణయించే విషయం కాదు. అలర్జీ వైద్యులు రక్తపరీక్ష, చర్మపరీక్షలతో ఏ విషం పడదో తెలుసుకోగలరు. అవసరమైతే ఎడ్రినలిన్ ఇంజెక్షన్ దగ్గర ఉంచుకోమని చెప్పి, తొడ కండరంలోకి ఎలా ఇవ్వాలో నేర్పుతారు. విషాన్నే అతి చిన్న మోతాదులతో మొదలుపెట్టి, కొన్నేళ్ళపాటు ఇస్తూ శరీరాన్ని అలవాటు చేసే చికిత్స కూడా ఉంది. పరీక్షలో తేనెటీగ విషం పడదని తేలితే మీ పెరట్లో పెట్టె వద్దు. ఈ మాట నిక్కచ్చిగా చెబుతున్నాను. అంతమాత్రాన మీ ఆశ వదులుకోనక్కర్లేదు. వేరే చోట ఈగలు పెంచుతున్నవారితో కలిసి పనిచేయవచ్చు, మీ పెట్టెలను అక్కడే ఉంచుకోవచ్చు. అప్పుడు కూడా పనిబట్టలను ఇంట్లోకి తేకుండా బయటే విప్పి విడిగా ఉతకండి.

ఇదివరకు కుట్టినా ఏమీ కానివారికి ఈ పరీక్షలు మామూలుగా అవసరం ఉండవు. అయితే పైన చెప్పిన లక్షణాలు ఇంట్లో అందరికీ, మీ అమ్మాయికి కూడా, తెలిసి ఉండాలి. అవి కనిపించిన వెంటనే అత్యవసర వైద్యం కోసం ఫోను చేయాలి. కుట్టినప్పుడు కూలి ఈగ (గూటి పనులన్నీ చేసే ఆడ ఈగ) ముల్లు మన చర్మంలోనే ఉండిపోతుంది. దానికి అంటిపెట్టుకున్న విషపు తిత్తి, ఈగ వెళ్ళిపోయాక కూడా విషాన్ని లోపలికి పంపుతూనే ఉంటుంది. గోరుతో గీకారా, వేళ్ళతో లాగారా అనేదానికన్నా ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం. తీసిన వెంటనే అక్కడి నుంచి పక్కకు జరగండి. కుట్టిన ఈగ వదిలే హెచ్చరిక వాసనకు మిగతావి కూడా అక్కడికే వస్తాయి. అందులో ప్రధానమైన పదార్థం పండిన అరటిపండు వాసన వేస్తుంది. పెట్టె తెరిచినప్పుడు ఆ వాసన ముక్కుకు తగిలిందంటే ఆ రోజుకు మూత పెట్టేయడమే మంచిది.

ఇక పక్కింటివారి సంగతి. చెప్పాలి. ఈగలు వచ్చాక కాదు, రాకముందే చెప్పాలి. ఇది దాస్తే దాగే విషయం కాదు. పెట్టెలోంచి బయటికి వచ్చిన ఈగలు గాల్లోనే మలం విడుస్తాయి. ఆరేసిన తెల్లని దుప్పటి మీద, ఆపి ఉంచిన కారు మీద పసుపు రంగు మరకలు పడతాయి. ఎండాకాలంలో నీటి కోసం పక్కింటి కుళాయి దగ్గర చేరతాయి. ఏదో ఒక రోజు సగం ఈగలు గుంపుగా లేచి వాళ్ళ చెట్టుకొమ్మకు వేలాడవచ్చు. ముందుగా తెలిసినవారు మీకు ఫోను చేస్తారు. తెలియనివారు భయంతో పురుగుమందు కొడతారు. వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఈగలేమీ చేయవండీ అని తేలిగ్గా కొట్టిపారేయకండి. పెట్టె ఎక్కడ పెడుతున్నారో, ద్వారం ఎటువైపు ఉంటుందో చూపించండి. ఏ రోజుల్లో, ఏ వేళ తెరుస్తారో చెప్పండి. వాళ్ళింట్లో ఎవరికైనా విషం పడదేమో అడగండి. ఉందంటే మీ అత్తగారి విషయంలో తీసుకున్న నిర్ణయమే వాళ్ళ విషయంలోనూ తీసుకోండి. ఒట్టి భయమే అయితే, ఒకసారి ముసుగు తొడిగి పెట్టె దగ్గరికి తీసుకువెళ్ళినా ఆ భయం చాలావరకు తగ్గుతుంది. అలా దగ్గరనుంచి చూసి మనసు మార్చుకున్నవారు నాకు తెలుసు. ఇళ్ళ మధ్య పెట్టెలు పెట్టడం మీద చాలాచోట్ల నిబంధనలు ఉంటాయి, కొన్నిచోట్ల నమోదు తప్పనిసరి. స్థానిక పాలక సంస్థనూ వ్యవసాయ శాఖనూ ముందుగా కనుక్కోండి.

పెరట్లో స్థలం ఎంచుకునేటప్పుడు ఈగలు ఎగిరే దారిని చూడండి. ద్వారానికి ఎదురుగా కాస్త దూరంలో రెండు మీటర్ల ఎత్తు కంచె గానీ గుబురు మొక్కలు గానీ ఉంటే, ఈగలు బయటికి రాగానే పైకి లేచి మనుషుల తలల మీదుగా వెళ్ళిపోతాయి. పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నం తీవ్రమైన ఎండ నుంచి నీడ ఉండాలి. పెట్టె వెనక మీరు నిలబడి వంగి పనిచేయడానికి చోటు వదలండి, ఎందుకంటే ద్వారం ముందు ఎప్పుడూ నిలబడకూడదు. పెట్టెను నేల మీద కాకుండా స్టాండు మీద పెట్టి, స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమల బాధ తప్పుతుంది. రాత్రంతా వెలిగే దీపానికి ఎదురుగా పెట్టవద్దు, ఈగలు దాని చుట్టూ చేరి చచ్చిపోతాయి. గులకరాళ్ళు వేసిన వెడల్పాటి నీళ్ళ పళ్ళాన్ని ఈగలు రాకముందే అమర్చండి. మొదట ఎక్కడ నీళ్ళు దొరికితే అక్కడికే పదేపదే వెళ్ళడం వాటి అలవాటు. పక్కింటి కుళాయి మరిగాక మాన్పించడం కష్టం. డాబా మీద పెడదామనే ఆలోచన ఉంటే గాలి, ఎండలతో పాటు బరువు కూడా గుర్తుంచుకోండి. ఈగలు తేనెపట్టు కట్టుకునే చట్రాలు పది ఉన్న లోతైన అర, అంటే పెట్టెలో ఒక అంతస్తు, తేనెతో నిండితే 35 కిలోలు దాటుతుంది. దాన్ని మెట్ల మీదుగా కిందికి దించాల్సింది మీరే.

ఆ ఉచిత పెట్టెలకు మాత్రం దండం పెట్టి వద్దనండి. ఇస్తామన్నవారిది మంచి మనసే కావచ్చు. కానీ తేనెటీగల పిల్లపురుగులకు వచ్చే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ అనే వ్యాధి బీజాలు పాత పట్టులో, పెట్టె చెక్కలో దశాబ్దాల పాటు బతికే ఉంటాయి. మందుతో అవి చావవు. ఆ వ్యాధి సోకితే ఈగలను చంపి, పట్టును, చట్రాలను కాల్చేయాలన్న నియమం చాలా దేశాల్లో ఉంది. ఆ పెట్టెల్లోని ఈగలు ఎందుకు పోయాయో ఇచ్చేవారికే తెలియకపోవచ్చు. దానికి తోడు కొలతల సమస్య ఒకటి. ఐరోపా జాతి ఈగలకు పెద్ద పెట్టెలు, ఆసియాలో పుట్టల్లో, చెట్టు తొర్రల్లో కాపురముండే జాతికి చిన్న పెట్టెలు వాడతారు. చట్రాలు ఒకదానిలోవి ఇంకొకదానిలో పట్టవు. ఐరోపా జాతి తేనె ఎక్కువ కూడబెడుతుంది, తొర్ర ఈగలు తక్కువ తేనెతోనే గడుపుకుంటాయి, నచ్చకపోతే పెట్టె వదిలి మొత్తంగా వెళ్ళిపోతాయి. ఏ జాతి అన్నది పుస్తకం చూసి ఎంచుకోకండి. మీకు దగ్గరలో ఏళ్ళ తరబడి పెంచుతున్నవారు ఏది పెంచుతున్నారో అదే తీసుకోండి. సలహా కావలసినప్పుడు వెళ్ళేది వాళ్ళ దగ్గరికే కదా.

కొలతలంటే గుర్తొచ్చింది. పెట్టెను మీరే చేయించుకోవాలనుకుంటే వడ్రంగికి ఒక్క సంగతి మరీ మరీ చెప్పండి. ఈగలు తమ దారుల కోసం వదులుకునే ఖాళీ 6 నుంచి 9 మిల్లీమీటర్లు. ఖాళీ అంతకన్నా తక్కువైతే చెట్ల జిగురుతో పూడ్చేస్తాయి, ఎక్కువైతే అక్కడ కొత్త పట్టు కట్టేస్తాయి. అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే మతగురువు 1851లో ఈ కొలతను పెట్టె నిర్మాణానికి అన్వయించాడు. చట్రానికీ గోడకూ, చట్రానికీ మూతకూ మధ్య సరిగ్గా ఆ ఖాళీ వదిలితే ఈగలు దేన్నీ అతికించవు, చట్రాలను ఒక్కొక్కటిగా పైకి తీసి చూసి మళ్ళీ పెట్టేయవచ్చు. అంతకుముందు తేనె కోసం గూడు కోసి పాడుచేయాల్సి వచ్చేది. మీలాంటివారు ఇంటి దగ్గర ఈగలను పెంచగలుగుతున్నారంటే అందుకు ఈ కొద్ది మిల్లీమీటర్ల ఖాళీయే కారణం. వడ్రంగి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే ఏమవుతుందిలే అనుకుంటే, చట్రాలు తీయలేని పెట్టె మీకు మిగులుతుంది.

ఒక్క పెట్టె చాలా అని అడిగారు. నా సలహా రెండు. ఖర్చు పెరుగుతుందని తెలిసే చెబుతున్నాను. మొదటి కారణం, పోల్చి చూడటానికి రెండోది కావాలి. ఒక పెట్టెలో ఈగల రాకపోకలు తగ్గాయనుకోండి, అది పూలు లేకపోవడం వల్లా, లోపల ఏదైనా తేడా వచ్చిందా అన్నది కొత్తవారికి తెలియదు. పక్క పెట్టె కూడా అలాగే ఉంటే కారణం బయట ఉంది, అది హుషారుగా ఉంటే కారణం లోపల ఉంది. రెండో కారణం ఇంకా బలమైనది. రాణి ఏ కారణం చేతనైనా చనిపోతే, ఈగలు చిన్నవయసు పిల్లపురుగులకు పూర్తిగా రాజాహారం (రాయల్ జెల్లీ) పెట్టి కొత్త రాణిని తయారుచేసుకుంటాయి. కానీ అప్పటికి పెట్టెలో గుడ్లు, ఒకటి రెండు రోజుల పిల్లలు ఉండాలి. అవి లేకపోతే ఆ ఈగల కుటుంబానికి దారి లేదు. కూలి ఈగలు ఒకటొకటిగా రాలిపోతాయి, నెలా రెండు నెలల్లో పెట్టె ఖాళీ అవుతుంది. పక్కన రెండో పెట్టె ఉంటే, అందులోంచి గుడ్లున్న ఒక చట్రాన్ని ఈగలు దులిపి ఇందులో పెడితే చాలు. గుడ్డు పెట్టినప్పటి నుంచి పదహారు రోజులకు రాణి బయటికి వస్తుంది. మరో వారం పది రోజుల్లో ఎగిరి వెళ్ళి జతకట్టి వస్తుంది, తర్వాత కొద్ది రోజులకు గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. చేతిలో ఒక్క చట్రం ఉండటం వల్ల ఒక కుటుంబం నిలబడుతుంది.

సామాను విషయంలో ఎక్కువ చెప్పను. ముఖానికి ముసుగు, లేతరంగు వదులు బట్టలు, పొగడబ్బా, చట్రాలను పెకలించే ఇనుప పట్టీ, మెత్తటి బ్రష్షు చాలు. పొగ రెండు పనులు చేస్తుంది. హెచ్చరిక వాసనను కమ్మేస్తుంది, ఈగలు తేనె తాగే పనిలో పడేలా చేస్తుంది. పొగ చల్లగా, తెల్లగా రావాలి. మీ అరచేతి మీద వదులుకుని చూడండి, చురుక్కుమంటే ఈగలకూ చురుక్కుమంటుంది. తేనె తీసే యంత్రం ఇప్పుడు కొనవద్దు.

మొదలుపెట్టేది పూలు విరగబూసే కాలం మొదట్లో అయితే మంచిది. ఆరోగ్యంగా ఉన్న కుటుంబం నుంచి విడదీసిన, గుడ్లు పెడుతున్న రాణి ఉన్న నాలుగైదు చట్రాల చిన్న కుటుంబాన్ని తీసుకోండి. అమ్మేవారి ముందే చట్రాలు తీయించి చూడండి. చూడాల్సింది ఏమిటో కాస్త వివరంగా రాస్తాను. ఈ అభిరుచిలో నేర్చుకోవాల్సిన అసలు విద్య అదే. మొదటి ఏడాది మీరు పెట్టే శ్రమంతా దీని మీదే పెట్టాలని నా కోరిక.

సూర్యుడు మీ భుజం వెనక ఉండేలా నిలబడి, చట్రాన్ని పెట్టె మీదుగానే నిలువుగా పట్టుకోండి. వెలుగు గదుల అడుగుదాకా పడేలా కొంచెం వంచండి. చట్రం మధ్యలో ఖాళీగా కనిపించే గదుల్లోకి ఓపిగ్గా చూడండి. అడుగున ఒకటిన్నర మిల్లీమీటరు పొడవున్న సన్నని తెల్లని కడ్డీ నిలబడి ఉంటే అది గుడ్డు. మొదటిసారి కళ్ళకు ఆనదు, ఒకటి కనిపించాక పక్కన పదులకొద్దీ కనిపిస్తాయి. గుడ్డు మూడో రోజుకు పొదుగుతుంది. అంటే గుడ్డు కనిపించిందంటే మూడు రోజుల లోపు రాణి ఇక్కడ తిరిగింది అని అర్థం. వేల ఈగల మధ్య రాణి కోసం వెతుకుతూ పెట్టెను గంటసేపు తెరిచి ఉంచాల్సిన పని లేదు. గుడ్లు చూసి, మనసు కుదుటపరుచుకుని మూసేయవచ్చు.

గుడ్ల చుట్టుపక్కల గదుల్లో తెల్లని ఆహారంలో తేలుతూ, ముడుచుకుని పడుకున్న పిల్లపురుగులు ఉంటాయి. అవి ముత్యపు తెలుపులో, తడిగా మెరుస్తూ ఉండాలి. పసుపు, గోధుమ రంగులోకి తిరిగినా, మెలికలు తిరిగినా, దుర్వాసన వచ్చినా ఏదో తేడా ఉంది. తర్వాత మూత వేసిన గదులు. కూలి ఈగల గదుల మూతలు లేత గోధుమ రంగులో, కొద్దిగా ఉబ్బి, ఒకదాని పక్కన ఒకటిగా నిండుగా ఉంటాయి. పోతు ఈగల మూతలు పెద్దవి, బాగా పైకి ఉబ్బెత్తుగా ఉంటాయి. కూలి ఈగ 21వ రోజుకు, పోతు ఈగ 24వ రోజుకు బయటికి వస్తుంది. మూతలు లోపలికి కుంగి, నల్లబడి, చిల్లులు పడి ఉంటే అగ్గిపుల్ల గుచ్చి మెల్లగా బయటికి లాగండి. లోపలి పదార్థం తీగలా సాగితే ఫౌల్‌బ్రూడ్ అని అనుమానించాలి. ఆ కుటుంబాన్ని కొనకండి. మీ పెట్టెలోనే కనిపిస్తే వెంటనే అధికారులకు తెలపండి.

పిల్లల చుట్టూ విల్లులాగా పుప్పొడి గదులు, వాటి పైన, మూలల్లో తేనె గదులు, ఇదీ మంచి చట్రం అమరిక. పుప్పొడి ఒకే రంగులో ఉండదు. నారింజ, పసుపు, బూడిద, ఒక్కోసారి ముదురు నీలం కూడా కనిపిస్తుంది. ఏ గదిలోది ఏ పువ్వుదో గుర్తుపట్టడం మీ అమ్మాయికి అప్పగించండి, కొన్ని నెలల్లో మీకన్నా బాగా చెబుతుంది. చట్రం మీద ఒక ఈగ పొట్ట ఆడిస్తూ కొంత దూరం సూటిగా పరుగెత్తి, పక్కకు తిరిగి మళ్ళీ మొదటికి వచ్చి అదే పని చేస్తుంటే కదలకుండా చూడండి. పూలు ఏ దిక్కున ఎంత దూరంలో ఉన్నాయో మిగతావాటికి చెబుతోంది. నిట్టనిలువు గీతకు అది ఎంత కోణంలో పరుగెత్తుతుందో, పెట్టె నుంచి చూస్తే సూర్యుడున్న వైపుకు అంత కోణంలో పూలుంటాయి. పరుగు ఎంత ఎక్కువసేపు సాగితే పూలు అంత దూరం. ఈ భాషను విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి వచ్చింది. అదే నాట్యాన్ని మీ పెరట్లో ఏ పరికరమూ లేకుండా చూడవచ్చు. తేనె ఒక్క చుక్క రాకపోయినా ఈ దృశ్యం చాలనిపిస్తుంది నాకు.

పూలకాలంలో వారానికోసారి చూడాలి. వారం అనడానికి లెక్క ఉంది. కుటుంబం కిక్కిరిసిపోతే చీలిపోవడానికి సిద్ధమవుతుంది. చట్రాల అంచుల్లో వేరుశనగకాయ ఆకారంలో కిందికి వేలాడే రాణి గదులు కడుతుంది. గుడ్డు పెట్టిన ఎనిమిదో రోజు నాటికి ఆ గదికి మూత పడుతుంది, సాధారణంగా ఆ వేళకే పాత రాణి సగానికి పైగా ఈగలను వెంటబెట్టుకుని వెళ్ళిపోతుంది. పదిహేను రోజులకోసారి చూసేవారికి రాణి గదులు కట్టిన సంగతి, ఈగలు పోయిన సంగతి ఒకేసారి తెలుస్తాయి. ముందుగానే పై అర చేర్చి చోటివ్వాలి. గదులు కనిపిస్తే మాత్రం అనుభవజ్ఞుల సాయంతో కుటుంబాన్ని మీరే రెండుగా విడదీయాలి. కనిపించిన గదులన్నీ నలిపేసి పని అయిపోయిందనుకోవద్దు. పాత రాణి అప్పటికే వెళ్ళిపోయి ఉంటే కొత్త రాణికి ఉన్న ఆధారాన్ని మీ చేతులతో తీసేసినట్టవుతుంది. పూలకాలం కానప్పుడు మాత్రం అస్తమానం తెరవకండి. పిల్లలున్న చోట ఈగలు 34, 35 డిగ్రీల వేడిని నిలబెడుతుంటాయి, మనం తెరిచిన ప్రతిసారీ ఆ పని మళ్ళీ మొదలుపెట్టాలి.

ఐరోపా జాతిని పెంచితే వరోవా నల్లి తప్పదనుకునే మొదలుపెట్టండి. ఇది మొదట ఆసియా తొర్ర ఈగల మీద బతికేది. అవి దీన్ని అదుపులో పెట్టుకోగలవు. గత శతాబ్దంలో ఐరోపా జాతికి అంటుకుని దాదాపు ప్రపంచమంతా పాకింది. చాలాకాలం తప్పించుకున్న ఆస్ట్రేలియాలో కూడా 2022లో బయటపడింది, నిర్మూలించాలన్న ప్రయత్నాన్ని 2023లో వదులుకున్నారు. నల్లి మూత వేసిన గదుల్లో పిల్లల మీద పెరుగుతుంది, వైరస్‌లను మోసుకువస్తుంది. కంటికి కనిపించేటన్ని నల్లులు ఉన్నాయంటే అప్పటికే ఆలస్యమైనట్టు, అందుకే లెక్కపెట్టాలి. రాణి లేని పిల్లల చట్రం నుంచి అరకప్పు ఈగలను, అంటే దాదాపు 300, జాలీ మూత ఉన్న సీసాలో వేసి, పైన పొడి చక్కెర చల్లి నెమ్మదిగా దొర్లించండి. ఒకటి రెండు నిమిషాలాగి తెల్లని పళ్ళెంలోకి బాగా కుదపండి. చక్కెరతో పాటు నల్లులు రాలతాయి. ఈగలను తిరిగి పెట్టెలో వదిలేయవచ్చు. వంద ఈగలకు రెండు మూడు నల్లులు దాటితే చికిత్స చేయాలి. ఫార్మిక్ ఆమ్లం, ఆక్జాలిక్ ఆమ్లం, థైమాల్ లాంటివి ఉన్నాయి. మీ ప్రాంతంలో దేనికి అనుమతి ఉందో, ఏ ఉష్ణోగ్రతలో వాడాలో కచ్చితంగా తెలుసుకుని వాడండి. మందులు లేకుండా సహజంగా పెంచుతాను అనే మాట వినడానికి బాగుంటుంది. పట్టించుకోని ఒక పెట్టెలోంచి నల్లులు చుట్టుపక్కల పెట్టెలన్నిటికీ పాకుతాయి. పక్కవారికి అలా నష్టం కలిగించే హక్కు మనకు లేదని నా నమ్మకం.

మొదటి ఏడాది తేనె ఎంత అంటే, సున్నా అని రాసి పెట్టుకోండి. చిన్న కుటుంబం ఆ ఏడాది పట్టు కట్టుకోవాలి, జనాభా పెంచుకోవాలి, పూలు లేని రోజులకు నిల్వ చేసుకోవాలి. కిలో మైనం తయారుచేయడానికి కిలోలకొద్దీ తేనె తినాల్సి వస్తుంది. కొత్త కుటుంబానికి మీరే ఆహారం ఇవ్వాల్సి రావచ్చు. తెల్ల చక్కెర, నీళ్ళు సమపాళ్ళలో కలిపి, సాయంత్రం వేళ, పెట్టె లోపలే పెట్టండి. బయట పెడితే పక్క కుటుంబాలు దోపిడీకి దిగుతాయి. బెల్లం, ముడి చక్కెర వద్దు, వాటిలోని పదార్థాలు ఈగల కడుపు చెడగొడతాయి. ఎక్కడిదో తెలియని తేనె అసలు వద్దు, దానితో వ్యాధులు వస్తాయి.

రెండో ఏడాది పై అర నిండితే, అప్పుడు కూడా నాలుగింట మూడు వంతుల గదులకు మైనపు మూత పడ్డాకే తీయండి. మూత పడని చట్రాన్ని అడ్డంగా పట్టుకుని ఒక్కసారి కుదిపితే చుక్కలు రాలాయా, ఇంకా పచ్చిగా ఉన్నట్టే. పూల మకరందంలో సగానికి పైగా నీరే ఉండవచ్చు, ఈగలు రెక్కలతో విసిరి దాన్ని 18 శాతం దగ్గరికి తెస్తాయి. తొందరపడి తీస్తే తేనె పులిసిపోతుంది. కింద పిల్లల అరలోని తేనె ఎప్పటికీ వాటిదే. మీ తేనె బంధువులకు పంచేటప్పుడు ఏడాది నిండని పసిపిల్లలకు మాత్రం నాలుకకు కూడా రాయవద్దని చెప్పి ఇవ్వండి. ఎంత శుభ్రమైన తేనెలోనైనా బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు కలిగించే బీజాలు ఉండవచ్చు, పసిపేగులు వాటిని తట్టుకోలేవు.

తేనెటీగలను కాపాడినట్టు అవుతుందా అన్న మీ ప్రశ్నకు జవాబు మీరు ఆశించినట్టు ఉండదు. ప్రపంచంలో తేనెటీగలు, వాటి చుట్టాలైన ఈగలు అన్నీ కలిపి 20,000కు పైగా జాతులు ఉన్నాయి. మనం పెట్టెల్లో పెంచేవి వాటిలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. పెట్టెలో ఉన్న ఈగలకు మనిషి అండ ఉంది. నిజంగా కష్టాల్లో ఉన్నవి ఒంటరిగా బతికే అడవి ఈగలు. వాటికి రాణి ఉండదు, కాపాడుకోవాల్సిన తేనె నిల్వ ఉండదు. ప్రతి ఆడ ఈగా తన గూడు తానే కట్టుకుంటుంది. ఎక్కువ జాతులు నేలలో బొరియలు చేసుకుంటాయి, కొన్ని గుల్ల కాడల్లో గుడ్లు పెడతాయి. పూలు తక్కువగా ఉన్న చోట పెట్టెలు ఎక్కువైతే ఉన్న కాస్త మకరందం కోసం అడవి ఈగలు పెట్టె ఈగలతో పోటీపడాల్సి వస్తుంది. కాబట్టి తేనెటీగలను వాటి మీద ఇష్టంతో పెంచండి, అది పూర్తిగా సరిపోయే కారణం.

అడవి ఈగల కోసం చేయాలనుకున్నది మాత్రం పరీక్షల ఫలితం కోసం ఎదురుచూస్తున్న ఈ వారాల్లోనే మొదలుపెట్టవచ్చు. ఒకటి తర్వాత ఒకటిగా ఏడాది పొడవునా పూసే మొక్కలు వేయండి. రేకులు ఒకే వరసలో ఉన్న పూలు రెండు మూడు వరసలున్న ముద్ద పూలకన్నా మంచివి, ముద్ద పూలలో చాలావాటికి ఈగలకు పనికొచ్చే పుప్పొడి, మకరందం ఉండవు. కొత్తిమీర, ముల్లంగి మొక్కల్లో కొన్నిటిని పీకకుండా పూతకు వదిలేయండి. పురుగుమందు కొట్టడం మానేయండి. ఎండ పడే మూలలో కొంత నేలను తవ్వకుండా, గచ్చు చేయకుండా, ఏమీ కప్పకుండా వదలండి. అరచేయంత పొడవున్న గుల్ల కాడలను ఒక చివర మూసి ఉండేలా కోసి, కట్టగా కట్టి, వాన తగలని గోడకు నడుము ఎత్తులో వేలాడదీయండి. ఆ కాడల చివర్లు మట్టితోనో ఆకు ముక్కలతోనో మూసుకుంటే ఈగలు అక్కడ గుడ్లు పెట్టినట్టే. ఈ ఒంటరి ఈగలు సాధారణంగా చేత్తో పట్టి నలిపితే తప్ప కుట్టవు. అయినా మీ అత్తగారు కూర్చునే చోటికి దూరంగానే కట్టండి.